అత్తగారి మీద కేసు

ఆ ఇంటి పెద్దావిడ ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ ప్రొఫెసరుగా రిటైరైంది. ఆ చదువేమిటో పూర్తిగా తెలిసినవాళ్ళు వీధిలో తక్కువ, సగం తెలిసినవాళ్ళు ఎక్కువ. పై అంతస్తు ఆయన ఒకసారి చొక్కా ఎత్తి పొట్ట చూపించి, "ఇక్కడ పట్టేసినట్టుంటోంది, ఆపరేషన్ చేస్తే తగ్గుతుందా మేడమ్?" అని అడిగాడు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసి, "నేను కోసేది మనుషుల్ని కాదండీ, ఆలస్యాన్ని" అంది.

నిజమే. ఫ్యాక్టరీలో సరుకు ఎక్కడ ఆగిపోతోంది, ఆసుపత్రిలో రోగి బెంచీకి ఎందుకు అతుక్కుపోతున్నాడు, బ్యాంకులో పక్క క్యూ కదులుతుంటే మన క్యూ ఎందుకు కదలదు, ఇలాంటివన్నీ ఆవిడ పరిశోధనలు. ఆ శాస్త్రం వాళ్ళ సంఘం ఏటా ఇచ్చే పరిశోధన అవార్డు ఆవిడకి ఒకటికి రెండుసార్లు వచ్చింది. హాలు గోడ నిండా ఫలకాలే. కోడలు కూడా అదే శాస్త్రం, ఆవిడ పనిచేసిన కాలేజీలోనే చెబుతుంది. మామగారిది గడియారాలు బాగుచేసే దుకాణం. ఆయనకి జోకు వెయ్యడానికి టైము చూసుకోవాల్సిన పని లేదు. "మా ఆవిడ కోడలికి అత్త వరుస, లోకానికి వరుసల అత్త" అనేవాడు వచ్చిన ప్రతివాడితోనూ.

ఇంతటి ఆవిడ ఏలుబడిలో ఉన్న వంటింట్లో మాత్రం ఏదీ వేళకి ఉడికేది కాదు.

ఆ ఉదయమూ అంతే. బల్ల చుట్టూ నలుగురు, నలుగురి ముందూ ఖాళీ పళ్ళేలు. వంటింటి గుమ్మంలో నేల మీద ఈ చివరి నుంచి ఆ చివరికి ఎర్ర టేపు. ఫ్యాక్టరీల్లో యంత్రాల చుట్టూ అంటిస్తారే, అలాంటిది. దానికి అవతల అడుగుపెట్టే హక్కు ఆవిడ ఒక్కదానికే.

"నానమ్మా, నా రొట్టె?" అంది మనవరాలు స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని.

"వరుసలో ఉంది."

"వరుసలో ఎక్కడుంది?"

"ముందు గుడ్లు, తర్వాత పాలు, ఆ తర్వాత రొట్టె. మధ్యలో మారిస్తే పెనం మార్చడానికే పుణ్యకాలం అయిపోతుంది."

"రెండో బర్నరు ఖాళీగానే ఉందిగా అమ్మా," అన్నాడు కొడుకు. అతను పళ్ళ డాక్టరు.

"అది అత్యవసరానికి. ఉన్న సామర్థ్యమంతా రోజూ వాడేస్తామా?"

"ఆకలి అత్యవసరం కాదా? నా దగ్గరికొచ్చే వాళ్ళకి పనుంది, పళ్ళు లేవు. నాకు పళ్ళున్నాయి, వాటికి పని లేదు."

"ఓపిక పట్టరా," అన్నాడు తండ్రి పేపరు వెనకనుంచి. "మీ అమ్మ పొయ్యి మీద పెట్టినది తినాలంటే ప్రాణం పోయేదాకా ఆగాలి. పొయ్యి, పోయి... ఊఁ?"

ఎవరూ నవ్వలేదు. ఖాళీ కడుపులో జోకు జీర్ణం కాదు.

కోడలు లేచి టేపు దాకా వెళ్ళి, కాలి వేళ్ళు అంచుకి ఆనించి నిలబడింది. "అత్తయ్యా, రొట్టెలు నేను కాల్చనా?"

"గీత దాటకు," అంది పెద్దావిడ వెనక్కి తిరక్కుండానే.

కోడలు వెనక్కొచ్చి, హ్యాండ్‌బ్యాగులోంచి రెండు బిస్కట్లు తీసి బల్ల కింద నుంచి కూతురికి అందించింది. ఆ ఇంట్లో అదొక సమాంతర ఆర్థిక వ్యవస్థ. తర్వాత కాస్త తటపటాయించి, అందరికీ వినబడేలా చెప్పింది. "సంఘం వాళ్ళ బోధన అవార్డుకి నా పేరు చివరి వడపోతలో నిలిచిందట. గురువారం కమిటీ ఆయన నా క్లాసులో కూర్చుంటారు."

కొడుకు చప్పట్లు కొట్టాడు. మామగారు పేపరు దించాడు. ఆ అవార్డు ఆమెకి ఎంత అవసరమో వాళ్ళిద్దరికీ తెలుసు. ఆమెది ఏటికేడు పొడిగించే ఉద్యోగం. పరిశోధన పేపర్లు లేవు కాబట్టి పర్మనెంటు చెయ్యడం కష్టమని, అయితే ఈ అవార్డు వస్తే తాను గట్టిగా మాట్లాడగలనని ఆ శాఖ పెద్ద చెప్పాడు. రాకపోతే ఈ ఏడాదితో సరి.

వంటింట్లోంచి గరిటె చప్పుడు ఆగింది. "బోధన అవార్డా? మంచిదే. పరిశోధన కుదరనివాళ్ళకి అదీ ఒక ఊరట."

మనవరాలు బిస్కట్టు నమలడం ఆపి తల్లి మొహంలోకి చూసింది. కోడలు బ్యాగు జిప్పు లాక్కుని, ఏమీ తినకుండానే వెళ్ళిపోయింది.

అందరూ వెళ్ళాక ఫోను మోగింది. అవార్డు కమిటీ పెద్దాయన. ఆవిడకి పాత పరిచయమే.

"నమస్కారం మేడమ్! మీ కోడలు సామాన్యురాలు కాదండీ! ఆ వంటింటి కేసు చదివి మా కమిటీ అంతా పగలబడి నవ్వాం."

"ఏ వంటింటి కేసు?"

"అదేనండీ, క్లాసులో పిల్లలకి ఇచ్చి చర్చ పెడుతుందిగా. ఒక ఇల్లు, అందులో ఒక పెద్దావిడ. బర్నర్లు రెండుంటే ఒక్కటే వెలిగిస్తుంది. గుమ్మంలో ఎర్ర టేపు అంటించి పురుగుని కూడా రానివ్వదు. ఇల్లంతా ఆకలికి అల్లాడుతుంటే ఆవిడ తీరిగ్గా ఉల్లిపాయలు సైజుల వారీగా సర్దుకుంటూ ఉంటుంది!"

పెద్దావిడ చేతిలో ఉల్లిపాయ ఉంది. మధ్య సైజుది. దాన్ని చప్పుడు కాకుండా బల్ల మీద పెట్టింది.

"ఇంతకీ మేడమ్, అలాంటి మనిషి నిజంగా ఉంటుందంటారా?"

"ఉండదు లెండి," అంది ఆవిడ. "కల్పితం అయ్యుంటుంది."

"నేనూ అదే అన్నాను. అంత మొండి మనిషిని ఇంట్లో ఎవరు భరిస్తారు!"

ఫోను పెట్టేసి ఆవిడ అలాగే కూర్చుండిపోయింది. పనంతా వచ్చి ఒకే ఒక్క ఇరుకులో చిక్కుకుంటే దాన్ని బాటిల్‌నెక్ అంటారని ఎన్ని తరాల పిల్లలకి చెప్పిందో! ఆ బాటిల్‌నెక్ ఇవాళ వచ్చి వచ్చి ఆవిడ మెడకే చుట్టుకుంది.

ఆ సాయంత్రం కోడలు ఇంటికొచ్చేసరికి భోజనం బల్ల మీద సిద్ధంగా ఉంది. మిగిలిన ముగ్గురూ దాని చుట్టూ బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. "వేళకి పెట్టేసిందమ్మా," అన్నాడు మామగారు గుసగుసగా. "నాకెందుకో భయంగా ఉంది."

పెద్దావిడ వచ్చి కుర్చీ లాక్కుంది. "అమ్మాయ్, నా మీద కేసు పెట్టావట."

"కేసా?" కొడుకు ఉలిక్కిపడ్డాడు. "ఏ కోర్టులో?"

"క్లాసులో. జడ్జీలు కూడా నవ్వారట."

కోడలు చెంచా కింద పెట్టింది. "అత్తయ్యా... అందులో మీ పేరు లేదు. ఊరి పేరు కూడా లేదు."

"టేపు రంగుందిగా! ఉల్లిపాయలున్నాయిగా! పేరొక్కటే ఎందుకు దాచావు, అదీ రాయకపోయావా?"

"మిమ్మల్ని వెక్కిరించాలని రాయలేదు. పిల్లలకి బాగా అర్థమవుతుందని..."

"అర్థమయ్యిందిట. వాళ్ళకే కాదు, నాకూ అయ్యింది. నేను వండి పెడుతుంటే నువ్వు కూర్చుని నన్ను వండుతున్నావు."

కోడలి మొహం ఎర్రబడింది. "ఎన్నిసార్లు చెప్పాలని చూశాను అత్తయ్యా! ఆ గీత దగ్గర నిలబడి అడిగిన ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా? ఇంట్లో వినేవాళ్ళు లేక, వినేవాళ్ళున్న చోట చెప్పుకున్నాను."

"నలుగురిలో నవ్వులపాలు చేసి చెప్పుకోవడమా?"

"మరి పొద్దున మీరన్నదేమిటి? పరిశోధన కుదరనివాళ్ళకి ఊరటా? నా కూతురి ముందు అన్నారు. అది నన్ను నవ్వులపాలు చెయ్యడం కాదా?"

మామగారు అలవాటుగా నోరు తెరిచాడు. ఏ జోకూ రాలేదు. మళ్ళీ మూసుకున్నాడు.

పెద్దావిడ నెమ్మదిగా లేచింది. "గురువారం ఆ కేసే చెప్పుకో. అవార్డు తెచ్చుకో. దాన్ని తగిలించుకోవడానికి మాత్రం వేరే గోడ చూసుకో."

వేరే గోడ అంటే వేరే ఇల్లు. ఆ ముక్క పిల్లకి కూడా అర్థమైంది. కంచం దగ్గరే ఏడుపు లంకించుకుంది.

గదిలోకి వెళ్ళాక కోడలు మంచం అంచున కూర్చుని మొహం చేతుల్లో దాచుకుంది. "నేనా కేసు చెప్పను," అంది భర్తతో. "రాసింది అబద్ధం కాదు. అడక్కుండా రాయడం తప్పు. ఆవిడ నాకు పరాయిదా?"

"మరి గురువారం ఏం చెబుతావు?"

"గిడ్డంగిలో సరుకు నిల్వల పాఠం."

"బాగుంటుందా?"

"మత్తుమందు ఇవ్వకుండా నువ్వు పన్ను పీకినంత బాగుంటుంది."

మర్నాటి నుంచి ఆ ఇంట్లో మాటలు రేషన్ అయిపోయాయి. అత్త వడ్డించేది, కోడలు తినేది, మధ్యలో చెంచాలే మాట్లాడుకునేవి. గురువారం పొద్దున కోడలు వెళ్ళిపోయాక మామగారు దుకాణానికి బయల్దేరబోయి, మళ్ళీ ఏమనుకున్నాడో, టేపు దాకా వచ్చి ఆగాడు.

"ఏమోయ్, ఒక మాట. కంటితో చూడకుండా, కొలవకుండా తీర్పు చెప్పకూడదని నువ్వే కదా అనేదానివి?"

"అయితే?"

"ఆ పిల్ల క్లాసు నువ్వెప్పుడూ చూడలేదు. అయినా తీర్పు చెప్పేశావు." ఆయన మొహంలో నవ్వు లేదు. అది చూసి ఆవిడ స్టవ్ కట్టేసింది.

క్లాసు గది వెనక వరుసలో, బాగా పొడుగ్గా ఉన్న కుర్రాడి వెనక నక్కి కూర్చుంది పెద్దావిడ. పక్కనే కమిటీ పెద్దాయన. "మీరూ వచ్చారా! ఆ పెద్దావిడ కథ విందురుగాని, కడుపుబ్బిపోతుంది," అన్నాడు సంబరంగా.

కానీ కోడలు బోర్డు మీద గిడ్డంగి బొమ్మ గీసింది. సరుకు ఎంత తగ్గితే మళ్ళీ తెప్పించాలో లెక్క మొదలుపెట్టింది. చేతిలో సుద్దముక్క కదులుతోంది గానీ గొంతులో ప్రాణం లేదు. గిడ్డంగిలో సరుకు కన్నా ముందు క్లాసులో ఉత్సాహం అయిపోయింది. ముందు బెంచీ కుర్రాడు ఆవులించాడు. ఆవులింత అంటువ్యాధి కదా, వెనక బెంచీ దాకా వచ్చింది. కమిటీ పెద్దాయన కాగితం మీద రాస్తున్న పెన్ను ఆపి, గడియారం చూసుకున్నాడు.

"మేడమ్, ఇది వద్దండీ," అని ఎవరో అరిచారు. "వంటిల్లు చెప్పండి!"

"అవునండీ, పెద్దావిడ కావాలి!"

కోడలు సుద్దముక్క బల్ల మీద పెట్టింది. కమిటీ పెద్దాయన వైపు చూడకుండా, పిల్లల వైపు చూస్తూ చెప్పింది. "ఆ కేసు ఇక చెప్పను. అందులో ఉన్న ఆవిడ నిజమైన మనిషి. నాకు కావలసిన మనిషి. ఆవిడని అడక్కుండా రాశాను. అలా చెయ్యకూడదు. మీరు ముందు ముందు ఎవరి గురించి రాసినా, ముందు వాళ్ళకి చూపించండి. ఇవాళ మీరు నా దగ్గర నేర్చుకోవాల్సింది అదే."

పెద్దావిడకి తెలుసు, ఆ మాటతో అవార్డు చేజారినట్టేనని. కమిటీ ముందు పనికొచ్చే పాఠం అదొక్కటే. ఆ ఒక్కదాన్నీ వదిలేసింది పిచ్చిది.

"అనుమతి ఉంది!"

తలలన్నీ వెనక్కి తిరిగాయి. పొడుగు కుర్రాడు పక్కకి జరిగాడు. అత్తగారిని చూసి కోడలు బల్ల అంచు పట్టుకుంది.

"ఆవిడ నాకు బాగా తెలుసు," అంది పెద్దావిడ నిలబడి. "ఏమీ అనుకోదు. కానివ్వమ్మాయ్."

ఇంకేముంది, గది తిరునాళ్ళయిపోయింది. కోడలు బోర్డు మీద వంటిల్లు గీసి, మధ్యలో ఒక డబ్బా గీసి 'పెద్దావిడ' అని రాసిందో లేదో, పరిష్కారాలు పుంఖానుపుంఖాలుగా వచ్చి పడ్డాయి. రెండో బర్నరు వెలిగించాలన్నాడొకడు. గరిటెలు జనాభా ప్రాతిపదికన పంచాలంది ఇంకో అమ్మాయి. "ఆవిడని గౌరవంగా హాల్లోకి మార్చి టీవీ ముందు కూర్చోబెడితే సమస్య తీరుతుందండీ" అన్నాడు ముందు బెంచీ కుర్రాడు.

"ఏయ్ బాబూ," అంది పెద్దావిడ ఉండబట్టలేక. "రెండో బర్నరు గొట్టం పాడైపోయిందేమో కనుక్కున్నారా?"

"కేసులో లేదండీ. పాడైందాండీ?"

"లేదు. బాగానే ఉంది. ఊరికే అడిగాను."

గొల్లున నవ్వారు. ఆవిడకీ నవ్వొచ్చింది. తన క్లాసుల్లో పిల్లలు ఇంత మెలకువగా ఉండటం ఆవిడ ఎన్నడూ చూడలేదు. తన పేపర్లు గొప్పవే, పాఠాలు మాత్రం జోలపాటలు. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ తెలుసు, ఎవరికీ చెప్పలేదు అంతే.

అప్పుడు కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఆవిడ అంతకు ముందు ఏం చేసేవారు?"

"అంటే?"

"ఎప్పుడూ వంటింట్లోనే ఉండేవారా? ఉండుంటే ఈపాటికి ఇంట్లోవాళ్ళకి అలవాటైపోయేది కదా. ఇది ఈమధ్య మొదలైనట్టుంది."

కోడలు బోర్డు వైపు చూసింది. కేసులో బర్నర్లున్నాయి, టేపుంది, ఉల్లిపాయల సైజులున్నాయి. ఆ పెద్దావిడ నిన్నటి జీవితం లేదు. రోజూ ఎదురుగా చూస్తూ, అసలైన వివరమే రాయడం మరిచిపోయింది. "అది... రాయలేదమ్మా. రాయాల్సింది," అంది మెల్లగా.

"నేను చెబుతాను," అంది పెద్దావిడ.

ఆవిడ మాటలు వెతుక్కుంది. "ఆవిడ మీలాంటి వాళ్ళకే పాఠాలు చెప్పేది. పొద్దున్నే గది తలుపు తీసేసరికి బయట బెంచీ మీద ఎవరో ఒకరు ఉండేవారు. సందేహమని ఒకరు, సంతకమని ఒకరు. ఆవిడ జీవితమంతా చేసిన పనల్లా మనుషులకి ఎదురుచూపులు తగ్గించడం. ఎంత బాగా తగ్గించిందంటే, రిటైరైన మర్నాటి నుంచి ఆవిడ కోసం ఎదురుచూసేవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు."

ఎవరూ నవ్వలేదు.

"ఇంట్లో నలుగురున్నారు. పొద్దున్నే పళ్ళేల ముందు కూర్చుని వంటింటి వైపు చూసేవాళ్ళు. 'ఇంకెంతసేపు' అని అడిగేవాళ్ళు. తొందరగా పెట్టేస్తే తొందరగా లేచి వెళ్ళిపోతారు కదా." ఆవిడ కొంగు సవరించుకుంది. "ఆ మాట ఆవిడకి కూడా ఇప్పుడే తెలిసింది. తెలిసి చేసింది కాదు."

కమిటీ పెద్దాయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. "మేడమ్... ఆ మొండి మనిషి... అంటే..."

"భరిస్తున్నారండీ," అంది పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. "నలుగురు భరిస్తున్నారు."

కోడలు బోర్డు వైపు తిరిగింది. 'పెద్దావిడ' అని రాసిన డబ్బాని అరచేత్తోనే చెరిపేసింది. తిరిగేసరికి ఆమె చెంప మీద సుద్దా, నీళ్ళూ కలిసిపోయి ఉన్నాయి.

"ఈ కేసులో నేనే తప్పు చేశాను," అంది. "ఆవిడే ఇరుకు అనుకుని అక్కడ గీత గీశాను. కాదు. ఆ ఇంట్లో వెలిగించకుండా పక్కన పెట్టేసిన రెండో బర్నరు ఆవిడే."

పెద్దావిడ వెనక వరుస నుంచి ముందుకి నడిచొచ్చింది. కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "ఊరట అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానమ్మా. ఇంతమందిని పాఠం మీద ఆకలితో మేలుకోబెట్టడం నా వల్ల ఎప్పుడూ కాలేదు."

"మీరు ఇంట్లో రోజూ అదే కదా చేస్తారు అత్తయ్యా," అంది కోడలు ఏడుస్తూ నవ్వుతూ.

అవార్డు కోడలికే వచ్చింది. ఉద్యోగమూ నిలబడింది. ఫలకం ఇంటికొచ్చిన రోజున ఆమె దాన్ని కాగితం కూడా విప్పకుండా పట్టుకుని హాల్లో నిలబడింది.

"వేరే గోడ చూసుకోమన్నారుగా అత్తయ్యా. ఏ గోడ?"

"ఇదే. మేకు ఖాళీ చేశాను."

చూస్తే వరుస మధ్యలో పెద్ద పరిశోధన ఫలకం లేదు. అది భోజనాల బల్ల మీద, పొగలు కక్కుతున్న గిన్నె కింద ఉంది. "ఇన్నాళ్ళకి మీ అమ్మ పరిశోధన వంటింటికి పనికొచ్చిందిరా," అన్నాడు మామగారు. ఈసారి అందరూ నవ్వారు, ఆవిడతో సహా.

ఎర్ర టేపు మనవరాలు పీకింది. జిగురు మరక ఇంకా గుమ్మంలో ఉంది. దాన్ని తొక్కుకుంటూ ఇప్పుడు అందరూ వంటింట్లోకి వెళ్ళొస్తారు. రెండు బర్నర్లూ వెలుగుతాయి. రెండింటి మీదా ఏదో ఒకటి మాడుతుంది. పళ్ళ డాక్టరు కాల్చిన రొట్టె నమిలితే అతని దగ్గరికే వైద్యానికి వెళ్ళాలి.

గురువారాలు మాత్రం వంటింటి వైపు ఎవరూ చూడరు. ఆ రోజు వంటింటి కేసు కోడలు సగం చెబుతుంది, మిగతా సగం అత్తగారు చెబుతుంది. పిల్లలకి సందేహమొస్తే కేసునే నేరుగా అడగొచ్చు. ఆ ఉదయం పెద్దావిడకి చీర ఒక పట్టాన నచ్చదు. కళ్ళజోడు కనబడదు. కనబడితే పెన్ను కనబడదు. వీధి గుమ్మంలో నలుగురూ చెప్పులేసుకుని వరసగా నిలబడి లోపలికి చూస్తుంటారు.

"అత్తయ్యా, రండి! క్లాసు మొదలైపోతుంది!"

"నానమ్మా, ఇంకెంతసేపు?"

"వస్తున్నా, వస్తున్నా," అంటుంది లోపల్నుంచి. కళ్ళజోడు చేతిలోనే ఉంది. పెన్ను సంచిలోనే ఉంది. అయినా ఒక్క క్షణం తలుపు వెనక ఆగి, ఆ కేకలు ఇంకొక్కసారి విని, అప్పుడు బయటికొస్తుంది.